ఓడిన అధ్యక్షుడు దిగనంటే సమితి సైన్యం ఏం చెయ్యగలదు? ఐవరీ కోస్ట్ ఏం చెబుతోంది?

మీరు అడిగిన ప్రశ్నలు మూడు. ఎన్నికల్లో ఓడి కూడా కుర్చీ వదలని అధ్యక్షుణ్ని ఐక్యరాజ్యసమితి సైన్యం వెళ్లి ఎందుకు దించెయ్యదు? ఆంక్షలతో పేదవాడు తప్ప నాయకుడు ఎప్పుడైనా దెబ్బతిన్నాడా? ఎవరి గొడవో అయితే మన జవాన్లు అక్కడికెందుకు?

మూడిటికీ విడివిడిగా సూత్రాలు చెబితే గాల్లో మాటలైపోతాయి. మూడూ కలిసొచ్చిన ఉదంతం ఒకటుంది: 2010-11లో ఐవరీ కోస్ట్. దాన్ని పట్టుకుని చెబుతాను. నేను సమితి శాంతి దళపు నీలి టోపీ పెట్టుకున్నది కాంగోలో. ఐవరీ కోస్ట్‌లో పనిచేసినవాళ్లతో తర్వాత కలిసి పనిచేశాను. ఆ కాలపు తీర్మానాలూ నివేదికలూ ఉద్యోగంలో భాగంగా చదవాల్సి వచ్చింది.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. సమితికి సొంత సైన్యమంటూ ఏదీ లేదు. భద్రతా మండలి తీర్మానం చేస్తుంది, సభ్య దేశాలు బెటాలియన్లు ఇస్తాయి. ఒక్కో సైనికుడికి నెలకింత అని సమితి ఆ దేశ ప్రభుత్వానికి కడుతుంది. 2010 నాటికి అది 1,028 డాలర్లు, ఇప్పుడు 1,400 దాటింది. ఈ డబ్బు జవాను చేతికి రాదు, ప్రభుత్వ ఖాతాకు వెళ్తుంది. జవాను జేబులో ఉండేది ఒక చిన్న కార్డు. ఎప్పుడు కాల్చొచ్చు, ఎప్పుడు కూడదు, ముందు ఎన్నిసార్లు హెచ్చరించాలి అన్నది అందులో ఉంటుంది. అది చాలదన్నట్టు, మిషన్ కమాండర్ ఇచ్చిన ఆజ్ఞ కాస్త ప్రమాదకరంగా కనిపిస్తే బెటాలియన్ కమాండర్ శాటిలైట్ ఫోను తీసి సొంత రాజధానికి ఫోన్ చేస్తాడు. ఇది రూల్సులో ఉండదు, ప్రతి మిషన్‌లోనూ జరుగుతుంది. పది, పదిహేను దేశాల నుంచి వచ్చి, ఎవరి రాజధాని వైపు వాళ్లు చూస్తూ ఉండే ఇలాంటి దళంతో ఒక దేశాధ్యక్షుణ్ని దించడం అంటే మాటలు కాదు. అసలు దాన్ని పంపేది అందుకు కాదు. ఇరుపక్షాలూ ఏదో ఒక ఒప్పందానికి వచ్చాక, ఆ ఒప్పందం చెడిపోకుండా మధ్యలో నిలబడటానికి పంపుతారు.

ఐవరీ కోస్ట్‌కు అలాగే వెళ్లింది. జీడి వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఈ దేశం పేరు కొత్త కాదు, మన ఫ్యాక్టరీలకు వచ్చే ముడి పిక్కల్లో చాలా భాగం అక్కడిదే. ప్రపంచానికి మాత్రం అది కోకో దేశం. ప్రపంచ పంటలో మూడో వంతుకు పైనే అక్కడ పండుతుంది. 2002 సెప్టెంబరులో తిరుగుబాటు వచ్చి దేశం రెండుగా చీలింది. ఉత్తరం బువాకే కేంద్రంగా తిరుగుబాటుదారుల చేతిలో, దక్షిణం అబిజాన్ కేంద్రంగా అధ్యక్షుడు లారాన్ గ్బాగ్బో చేతిలో ఉండిపోయాయి. గొడవ మూలం ‘ఎవడు అసలైన ఐవరీయుడు’ అన్న ప్రశ్న. ఉత్తరాది ముస్లిం నాయకుడు, మాజీ ప్రధాని అలసాన్ వతారా తల్లిదండ్రుల పుట్టుక మీద అనుమానం లేవదీసి ఆయన్ను అప్పట్లో అధ్యక్ష ఎన్నికల్లో పోటీకే రానివ్వలేదు. 2004లో సమితి మిషన్ వచ్చింది. పాత వలస పాలకులైన ఫ్రాన్స్ సైన్యం విడిగా అక్కడే ఉంది. గ్బాగ్బో పదవీకాలం 2005లో ముగిసినా, వాయిదా మీద వాయిదా వేసి ఎన్నికలు 2010 చివరికి గానీ జరగలేదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నా లెక్కలో కథకి ఆయువుపట్టు అదే. 2005 ప్రిటోరియా ఒప్పందంలో అన్ని పక్షాలూ ఎన్నికల పనిలో సమితి సాయం కోరాయి. ఆ ఒప్పందం మీద గ్బాగ్బో సంతకం కూడా ఉంది. దాని ఆధారంగా 2007లో భద్రతా మండలి తీర్మానం 1765 ద్వారా, ఎన్నికల ప్రతి దశా సక్రమంగా జరిగిందో లేదో ధ్రువీకరించే అధికారం అక్కడి సమితి ప్రతినిధికి దక్కింది. మామూలుగా సమితి పరిశీలకులు ‘మొత్తమ్మీద స్వేచ్ఛగా జరిగాయి’ అని ఒక ప్రకటన ఇచ్చి విమానం ఎక్కేస్తారు. ఇక్కడ అలా కాదు. ఫలితం మీద ముద్ర వెయ్యడమే వాళ్ల పని. ఇంత అధికారం ఉన్న మిషన్లు చాలా అరుదు.

2010 నవంబరు 28న రెండో విడత. గ్బాగ్బో, వతారా ముఖాముఖి. మొదటి విడతలో మూడో స్థానంలో, సుమారు 25 శాతంతో నిలిచిన మాజీ అధ్యక్షుడు బేడియే తన ఓట్లు వతారాకు వెయ్యమన్నాడు. కాబట్టి లెక్క ఎటు తేలుతుందో అందరికీ కాస్తో కూస్తో తెలుసు. నవంబరు 30 రాత్రి ఎన్నికల సంఘం ప్రతినిధి టీవీ కెమెరాల ముందు కొన్ని ప్రాంతాల ఫలితాలు చదవబోతుంటే, అదే సంఘంలో ఉన్న గ్బాగ్బో పక్షం మనిషి డమానా పికాస్ ఆయన చేతిలోని కాగితాలు లాక్కుని చింపేశాడు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. మూడు రోజుల్లో ఫలితం చెప్పాలన్న గడువు అలా దాటిపోయింది. మర్నాడు కాదు, ఆ పై రోజు, అంటే డిసెంబరు 2న, ఎన్నికల సంఘం అధ్యక్షుడు యూసుఫ్ బకయోకో సమితి సైనికుల కాపలాలో ఉన్న గోల్ఫ్ హోటల్‌కు వెళ్లి ఫలితం ప్రకటించాడు. వతారాకు 54.1 శాతం, గ్బాగ్బోకు 45.9. తేడా సుమారు 3.76 లక్షల ఓట్లు.

మరుసటి రోజు, ఎన్నికల ఫలితం మీద తుది మాట చెప్పే ఆ దేశపు రాజ్యాంగ మండలి దిగింది. దాని అధ్యక్షుడు పాల్ యావో ఎన్‌డ్రే గ్బాగ్బోకు బాగా కావలసినవాడు. గడువు దాటింది కాబట్టి ఎన్నికల సంఘం మాట చెల్లదన్నాడు. ఉత్తరాన ఏడు జిల్లాల ఓట్లు మొత్తంగా రద్దు చేసి, గ్బాగ్బో 51.45 శాతంతో గెలిచాడని ప్రకటించాడు. గడువు వాదనలో ఎంతోకొంత చట్టం ఉందనుకుందాం. కానీ అదే దేశపు ఎన్నికల చట్టం 64వ అధికరణం ప్రకారం, ఫలితాన్ని తారుమారు చేసేంత అక్రమాలు కనబడితే మండలి చెయ్యగలిగింది ఎన్నిక రద్దు చేసి 45 రోజుల్లో మళ్లీ పెట్టించడం. తనకు నచ్చని జిల్లాలను తీసేసి మిగిలినవి కూడి విజేతను ప్రకటించే అధికారం దానికి లేదు. ‘ఇది సార్వభౌమ దేశపు రాజ్యాంగ వ్యవస్థ నిర్ణయం, బయటివాళ్లకేం సంబంధం’ అని ఇప్పటికీ వాదించేవాళ్లు ఈ అధికరణం దగ్గరికొచ్చేసరికి చప్పుడు చెయ్యరు.

సమితి ప్రతినిధి దక్షిణ కొరియాకు చెందిన చోయ్ యంగ్ జిన్. ఆయన బలం ఆయన వెనక ఉన్న తొమ్మిది వేల మంది సైనికులు కాదు, బల్ల మీదున్న దాదాపు 20 వేల కాగితాలు. ప్రతి పోలింగ్ కేంద్రంలో లెక్క తేలాక రాసే ఫలితాల పత్రం, మన దగ్గర ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సి లాంటిది, ఆయనకూ ఒక ప్రతి అందింది. ఆయన సిబ్బంది అవన్నీ కూడి చూశారు. రాజ్యాంగ మండలి ముందు గ్బాగ్బో పక్షం ఫిర్యాదు చేసిన పత్రాలన్నిటినీ పక్కన పెట్టేసినా గెలిచేది వతారాయేనని డిసెంబరు 3న బహిరంగంగా చెప్పాడు. ఈ ఒక్క వాక్యం ముందు తక్కినదంతా చిన్నదే. ఎందుకంటే ఆ తర్వాత మూడు వారాల్లో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి, ఆఫ్రికన్ యూనియన్, సమితి సర్వసభ్య సభ వరుసపెట్టి వతారాను గుర్తించాయంటే, అవన్నీ వెళ్లి నిలబడింది ఆ కూడిక మీదే. లెక్క మీద ఏకాభిప్రాయం లేకపోతే ఆంక్షలూ లేవు, తీర్మానాలూ లేవు. మిగతా దేశాల్లో సమితి నోరు మెదపకపోవడానికి సగం కారణం దాని దగ్గర ఆ కాగితాలు లేకపోవడమే.

డిసెంబరు 4న ఇద్దరూ ప్రమాణం చేశారు. ఒకరు అధ్యక్ష భవనంలో, ఇంకొకరు హోటల్లో కూర్చుని ఉత్తరం ద్వారా. ఒక దేశానికి ఇద్దరు అధ్యక్షులు, ఇద్దరు ప్రధానులు. గోల్ఫ్ హోటల్ దారులను గ్బాగ్బో సైన్యం మూసేసింది. లోపల వతారా మంత్రివర్గం, చుట్టూ సుమారు 800 మంది సమితి సైనికులు, సరుకులు హెలికాప్టర్‌లో. సమితి మిషన్ దేశం వదిలి పోవాలని డిసెంబరు 18న గ్బాగ్బో హుకుం జారీ చేశాడు. రెండు రోజులకే భద్రతా మండలి మిషన్‌ను పొడిగించింది. ఆతిథ్య ప్రభుత్వం పొమ్మంటే శాంతి దళం పోవాలి, అది పద్ధతి. కానీ ఆతిథ్య ప్రభుత్వం ఏది అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే చెప్పేశారు కదా, అందుకని కదల్లేదు. జనవరిలో అబిజాన్ వీధుల్లో సమితి బళ్లను తగలబెట్టారు. ప్రభుత్వ టీవీ రోజూ సమితిని తిట్టేది. జవాన్లు గేటు దాటి గస్తీకి వెళ్లాలంటేనే గండం. ఇలాంటి రోజుల్లో బయటినుంచి చూసేవాళ్లు ‘పిరికి సైన్యం’ అంటారు. లోపల ఉన్నవాడి చేతిలో ఆ చిన్న కార్డు ఉంటుంది, దాని మీద ‘వీధి మూకను కాల్చు’ అని ఎక్కడా ఉండదు.

ఇక ఆంక్షలు. మీ అనుమానంలో చాలా నిజముంది. ఆయుధాల అమ్మకం మీద నిషేధం 2004 నవంబరు నుంచే ఉంది, అయినా రెండు వైపులా ఆయుధాలు చేరుతూనే ఉన్నాయని సమితి నిపుణుల బృందాలే రాశాయి. వ్యక్తుల మీద ప్రయాణ నిషేధం, ఆస్తుల స్తంభన సంగతి మరీ విడ్డూరం. గ్బాగ్బో యువజన సేన నాయకుడు షార్ల్ బ్లే గుడే 2006 ఫిబ్రవరి నుంచి ఆ జాబితాలో ఉన్నాడు. 2010 డిసెంబరులో గ్బాగ్బో కొత్త మంత్రివర్గంలో ఆయనే యువజన మంత్రి. అబిజాన్‌లో మీటింగులు పెట్టుకునేవాడికి పారిస్ వీసా లేకపోతే ఏం పోయింది?

పనిచేసింది వేరే ఆంక్ష. దాని మీద సమితి ముద్ర కూడా లేదు. ఐవరీ కోస్ట్‌కు సొంత కరెన్సీ లేదు. పశ్చిమాఫ్రికాలో ఎనిమిది దేశాలకు కలిపి ఒకే ఫ్రాంక్, ఒకే కేంద్ర బ్యాంకు, దాని ప్రధాన కార్యాలయం సెనెగల్ రాజధాని డాకర్‌లో. డిసెంబరు 23న ఆ దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని, ఐవరీ కోస్ట్ ఖాతా మీద సంతకం పెట్టే హక్కు వతారా మనుషులకే అని తేల్చారు. కేంద్ర బ్యాంకు గవర్నర్ గ్బాగ్బోకు అనుకూలుడు. నెల రోజులు చూసీ చూడనట్టు డబ్బు వదిలాడు. జనవరి 22న ఆయన చేత రాజీనామా చేయించారు. గ్బాగ్బో అబిజాన్‌లోని కేంద్ర బ్యాంకు శాఖను సైన్యంతో స్వాధీనం చేసుకున్నాడు. భవనం దొరికింది, ఖజానా గది దొరికింది, కానీ బ్యాంకులు ఒకదానికొకటి చెక్కులు తీర్చుకునే వ్యవస్థ తెగిపోయింది. ఫిబ్రవరి మధ్యలో అబిజాన్‌లో బ్యాంకులు ఒకటొకటిగా షట్టర్లు దించేశాయి. ఫ్రెంచ్ బ్యాంకుల అనుబంధ సంస్థలు రెండిటిని జాతీయం చేసి ఉద్యోగులకూ సైనికులకూ జీతాలు సర్దాలని చూశాడు. అంతర్జాతీయ బాండ్ల మీద కట్టాల్సిన 2.9 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక దేశం ఎగవేతదారు జాబితాలోకి వెళ్లింది.

దీనికి తోడు యూరోపియన్ యూనియన్ జనవరిలో అబిజాన్, సాన్ పెద్రో రేవులను ఆంక్షల జాబితాలో పెట్టింది. రేవు రుసుము కడితే నేరమయ్యేసరికి యూరప్ ఓడలు రావడం మానేశాయి. వతారా కూడా కోకో ఎగుమతులు నిలిపెయ్యమని పిలుపిచ్చాడు. న్యూయార్క్‌లో కోకో ధర 32 ఏళ్ల గరిష్ఠానికి ఎగబాకింది. తోటలో రైతుకు మాత్రం కొనేవాడే లేడు, గింజలు దొంగదారిన ఘనాకు తరలాయి. మందులు అయిపోయాయి, వంటగ్యాస్ దొరకలేదు, బ్యాంకులో సొంత డబ్బు తీసుకోలేక జనం అల్లాడారు. అంటే మీ రెండో ప్రశ్నకు జవాబు: నాయకుడూ దెబ్బతిన్నాడు, కానీ అతని కంటే ముందే పేదవాడు తిన్నాడు. ఆ మూల్యం సబబేనా అంటే, నేను సబబే అంటాను, ఎందుకంటే ప్రత్యామ్నాయం నేరుగా యుద్ధం. అయితే అలా అనడం అబిజాన్‌లో మధుమేహం మందు కోసం తిరిగినవాడికంటే నాకు తేలిక అని తెలుసు. ఇంకో మాట, ఈ మంత్రం ఎక్కడపడితే అక్కడ పారదు. సొంత నోట్లు అచ్చేసుకునే దేశంలో, పక్క దేశాలు కళ్లు మూసుకునే చోట, ఇలాంటి పీక పట్టు దొరకదు.

డబ్బు ఊపిరాడకుండా చేసింది గానీ, దానంతటదే దించలేదు. మార్చి 3న అబోబో అనే పేటలో వతారాకు మద్దతుగా ఊరేగింపు తీస్తున్న ఆడవాళ్ల మీద గ్బాగ్బో సైన్యం కాల్పులు జరిపింది, ఏడుగురు చనిపోయారు. రెండు వారాలకు అదే పేట బజారులో మోర్టార్ గుళ్లు పడి ఇరవై మందికి పైగా పోయారు. మార్చి 30న భద్రతా మండలి తీర్మానం 1975 ఏకగ్రీవంగా నెగ్గింది. గ్బాగ్బో, ఆయన భార్య సిమోన్, మరో ముగ్గురి మీద ఆంక్షలు పెట్టారు. దానికంటే ముఖ్యం, పౌరుల మీద భారీ ఆయుధాలు వాడకుండా ఆపడానికి ‘అవసరమైన అన్ని మార్గాలూ’ వాడుకోవచ్చని సమితి దళానికి గుర్తుచేశారు. జేబులో కార్డు అక్కడ మారింది.

అప్పుడు భారత్ మండలిలో తాత్కాలిక సభ్యురాలు. మన ప్రతినిధి హర్‌దీప్ సింగ్ పూరీ అనుకూలంగా ఓటు వేస్తూనే, శాంతి దళాలను ప్రభుత్వాలు మార్చే పనిముట్లుగా వాడకూడదని, సమితి దళం ఆ రాజకీయ పోరులో పక్షం కాకూడదని రికార్డులో పెట్టించారు. లిబియా మీద తీర్మానం వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఐదు రోజులకే, ఏప్రిల్ 4న, సమితి హెలికాప్టర్లూ ఫ్రెంచ్ హెలికాప్టర్లూ అబిజాన్‌లో సైనిక శిబిరాల మీద, అధ్యక్ష భవనం, నివాసం దగ్గరున్న ఆయుధాల మీద దాడి చేశాయి. ఏప్రిల్ 10న మళ్లీ. 11న వతారా బలగాలు గ్బాగ్బోను నివాసం నేలమాళిగ నుంచి బయటికి తెచ్చాయి. ఫ్రెంచ్ సాయుధ వాహనాలు అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. లక్ష్యం భారీ ఆయుధాలే అని సమితి అన్నది. రష్యా దీని చట్టబద్ధతనే ప్రశ్నించింది. ఒక సైనికుడిగా నన్నడిగితే, రాకెట్ లాంచర్‌ను అధ్యక్షుడి పెరట్లో పెట్టుకున్నాక దాన్ని కొట్టడానికీ అధ్యక్షుణ్ని కొట్టడానికీ మధ్య గీత గీయడం కాగితం మీదే కుదురుతుంది.

మంచివాళ్లు గెలిచారని దీన్ని సినిమాలా చెప్పే ముందు దువెకువే గురించి తెలుసుకోవాలి. పశ్చిమాన ఉన్న ఆ ఊరిని మార్చి చివర వతారా బలగాలు పట్టుకున్నప్పుడు, గ్బాగ్బోకు ఓటేసిన తెగ అనే నెపంతో పౌరులను చంపారు. కనీసం 800 మంది అని రెడ్‌క్రాస్ చెప్పింది. ఊళ్లోనే సమితి దళం ఉంది, క్యాథలిక్ మిషన్‌లో తలదాచుకున్న వేలమందిని కాపాడింది, కొద్ది దూరంలోని పేటను కాపాడలేకపోయింది. ఆ ఐదు నెలల్లో మొత్తం సుమారు మూడు వేల మంది పోయారు. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు బోనెక్కింది గ్బాగ్బో, బ్లే గుడే. 2019లో ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది, 2021లో అప్పీలు కూడా పోయింది, గ్బాగ్బో ఇంటికొచ్చాడు. వతారా పక్షం నుంచి ఆ కోర్టు ముందు ఒక్కడూ నిలబడలేదు. ఆ వతారాయే 2020లో మూడోసారి పోటీ చేసి, ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించిన ఎన్నికలో 90 శాతానికి పైగా తెచ్చుకున్నాడు. సమితి ఆంక్షలు 2016లో ఎత్తేశారు, మిషన్ 2017 జూన్ 30న మూతపడింది.

సమితి దండు లేకుండా దించడం కుదరదా అంటే, కుదిరింది కూడా. గాంబియాలో 2016 డిసెంబరులో ఓడిన యాహ్యా జమ్మే ముందు ఒప్పుకుని తర్వాత మాట మార్చాడు. అక్కడ సమితి మిషనే లేదు. చుట్టూ మూడు వైపులా సెనెగల్. పశ్చిమాఫ్రికా దేశాలన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి, వాటి సైన్యం సరిహద్దు దాటడం మొదలెట్టింది, జమ్మే రెండు రోజుల్లో విమానం ఎక్కాడు. చిన్న దేశం, ఒకే పొరుగు, వీటో వాడేంత పట్టింపు ఏ పెద్ద దేశానికీ లేదు. ఈ మూడిటిలో ఒకటి తక్కువైనా కథ వేరేగా ఉండేది.

మన జవాన్ల సంగతి. ఐవరీ కోస్ట్‌లో పెద్ద బలగాలు బంగ్లాదేశ్, పాకిస్తాన్, జోర్డాన్, మొరాకోల నుంచి, చుట్టుపక్కల ఆఫ్రికా దేశాల నుంచి వచ్చాయి. మనవాళ్లు అక్కడ కొద్దిమందే. మన బెటాలియన్లు ఆ కాలంలో కాంగోలో, సూడాన్‌లో, లెబనాన్‌లో ఉన్నాయి. వెళ్లేది ఎవరివో ఎన్నికలు తేల్చడానికి కాదు. సమితిలో మాట చెల్లాలంటే మనుషుల్ని ఇవ్వాలి, భద్రతా మండలిలో స్థానం అడిగేటప్పుడు మన దౌత్యవేత్తలు ముందు చూపించేది ఈ లెక్కే. జవానుకు అదనపు భత్యం, వేరే సైన్యాలతో పనిచేసిన అనుభవం, అంతే. ఇక ‘ఎవరి గొడవో’ అన్నారు గనక ఒకటి చెప్పాలి. ఏప్రిల్ మొదటి వారంలో అబిజాన్‌లో పోరు జరిగిన కోకోడీ పేటలోనే, అధ్యక్షుడి నివాసానికి దగ్గర్లో, మన రాయబారి ఇల్లు ఉంది. కాల్పుల మధ్య ఆవిడ ఇంట్లోనే చిక్కుకుపోయారు. బయటికి తీసుకొచ్చింది ఫ్రెంచ్ సైనికులు.